ఈడు దాటిన చదువుకు దారి చూపిన దుర్గాబాయి

జగిత్యాల, కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అక్కల్ని, సిరిసిల్లలో సాంచాలకు కండెలు చుట్టే వదినల్ని చదువు గురించి అడిగి చూడండి. ఐదులోనో ఏడులోనో ఆగిపోయిందనే వాళ్లు చాలామందే ఉంటారు. మళ్లీ చదవాలని ఉన్నా పిల్లల పక్కన కూర్చోవాలంటే సిగ్గు. ఏళ్లకేళ్లు బడికెళ్లే తీరికా లేదు. ఈ చిక్కుముడిని విప్పిన మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దనుకుని బయటికొచ్చేశారు. ఇంగ్లీషులో చదువు చెప్పడం నచ్చక బడి కూడా మానేశారు. చదువును మాత్రం వదల్లేదు. హిందీ నేర్చుకుని, తాను ఇంకా చిన్నపిల్లగా ఉండగానే ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకెళ్లారు. చదువులేక, తమను కాపాడుకునే దారి తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లను అక్కడ చూశారు. లా చదవాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది. అయితే అప్పటికి చేతిలో మెట్రిక్ కూడా లేదు! విడుదలయ్యాక ఇంటి దగ్గరే చదివి బెనారస్ మెట్రిక్ పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి, 1942లో మద్రాసులో లా పట్టా అందుకున్నారు.

తాను నడిచిన దారినే మిగతావాళ్లకూ చూపించారు. 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో ఆడవాళ్లను అదే బెనారస్ మెట్రిక్‌కు తయారు చేశారు. 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలు ఆమే.

ఆ బోర్డు 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. అప్పట్లో పల్లెలకు టీచరమ్మలు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. ఆ శిక్షణలో చేరాలంటే కనీస చదువుండాలి. అది ఉన్న ఆడవాళ్లేమో దొరకరు. మరేం చేయాలి? చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు సుమారు రెండేళ్లలోనే పాఠాలన్నీ చెప్పి పరీక్షకు కూర్చోబెట్టడమే ఆ కోర్సు. సంసారం ఈదిన మనిషికి లోకజ్ఞానం ఉంటుంది, ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు ఏళ్లతరబడి సాగదీయక్కర్లేదు. నేర్చుకునే మనిషిని బట్టి పాఠాన్ని కత్తిరించి కుట్టడమన్నమాట! ఇవాళ పెద్ద చదువుల్లో దీన్నే బోధనా రూపకల్పన అంటున్నారు.

అదే 1958లో స్త్రీ విద్యపై వేసిన జాతీయ సంఘానికీ ఆమే అధ్యక్షత వహించారు. అక్షరాస్యత కోసం చేసిన కృషికి 1971లో నెహ్రూ సాక్షరతా పురస్కారం, 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు.

ఆ మరుసటి ఏడాదే, 1982లో, హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. బడి పట్టా లేనివాళ్లూ అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. ఇప్పుడు పదో తరగతికీ తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. ఈ వయసులో నాకు చదువేంటని వెనకాడే అక్కో, వదినో మీ ఇంట్లో ఉంటే, ఇరవై దాటాక మెట్రిక్ రాసిన దుర్గాబాయి సంగతి ఓసారి చెప్పండి. ఫీజు కట్టే రోజున తోడుగా వెళ్లండి.