కందుకూరి వీరేశలింగం పంతులు: వివాహవ్యవస్థ, కుటుంబక్షేమము

వివాహాచారములను కుటుంబక్షేమముతో ముడివెట్టి విచారించిన ఆంధ్రులలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అగ్రగణ్యులు. వీరు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించినారు. నాలుగవ యేట పితృవియోగము కలిగినది. 1861లో పదమూడవ యేట బాపమ్మతో వివాహమైనది. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగా ప్రసిద్ధి గాంచినది. బాల్యవివాహమును నిరసించిన పంతులుగారు స్వయముగా బాల్యవివాహితులే యగుట గమనింపదగినది.

1874లో వీరు ‘వివేకవర్ధని’ పత్రికను, ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించినారు. కన్యాశుల్కము, వృద్ధవివాహము, బాలవైధవ్యము, వేశ్యాలోలత అనునవి వేర్వేరు దోషములు కావనియు, ఒకే గొలుసులోని లంకెలనియు వీరి రచనలవలన తేటపడును. ధనాశతో బాలికను వృద్ధునకిచ్చిన యింట అచిరకాలముననే వైధవ్యము ప్రవేశించును. బలవంతపు వైధవ్యము రహస్యసంబంధములకు, భ్రూణహత్యలకు దారితీయును. నింద మాత్రము స్త్రీకే దక్కును. భోగస్త్రీని బహిరంగముగా నాదరించు పురుషునకు సంఘమున గౌరవలోపము లేదు. ఈ ద్వంద్వనీతియే కుటుంబమును గుల్ల చేయుచున్నదని వీరి నిశ్చయము. ‘బ్రహ్మవివాహము’ ప్రహసనమునకు వృద్ధవివాహమే వస్తువు.

1856లోనే వితంతువివాహమును చట్టము సమ్మతించినను లోకము సమ్మతింపలేదు. కావున ఈశ్వరచంద్ర విద్యాసాగరుని వలెనే వీరును పరాశరస్మృతిని ఆధారముగా గొని, 1879 నుండి పండితులతో వాదమునకు దిగినారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసినారు. సంఘబహిష్కారమువలన వంటవారు, నీళ్లవారు మానివేయగా రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీరు తెచ్చి, వంట చేసి పెండ్లివారిని ఆదరించినది. సంతానము లేని ఆ దంపతులకు ఆశ్రయము కోరివచ్చిన వితంతువులే బిడ్డలైనారు. ఆమె 1910లోను, పంతులుగారు 1919 మే 27న మదరాసులోను పరమపదించినారు.

ఈ ఉద్యమమునకు పరిమితియు కలదు. అది ప్రధానముగా అగ్రవర్ణములకు సంబంధించినది. 1970 వరకు కర్నూలు జిల్లాలోనుండిన మార్కాపురం, గిద్దలూరు సీమలందును, తదితర తెలుగు ప్రాంతములందును శ్రామికకులములు పెక్కింట మారుమనువు పూర్వాచారమే. అయితే బాల్యవివాహము కులభేదము నెరుగదు. 1929 నాటి శారదా చట్టము కన్యకు 14 ఏండ్లు, 1978 నాటి సవరణ 18 ఏండ్లు కనీసవయస్సుగా విధించినవి. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 20–24 ఏండ్ల ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 29.3 శాతము మంది పదునెనిమిది నిండకమునుపే వివాహితలైనట్లు తేలినది. చట్టమొక్కటే చాలదనియు, బాలిక చదువు, సంఘపు మనస్సు మారవలెననియు పంతులుగారి జీవితము నిరూపించుచున్నది.