ఉద్యోగం కోసం డావిన్సీ పెట్టుకున్న అప్లికేషన్.. పెయింటింగ్ సంగతి చివర్లో ఎందుకు చెప్పాడు?

లియోనార్డో డావిన్సీ.. ఈ పేరు వినగానే అందరికీ మోనాలిసా గుర్తొస్తుంది. కానీ 30 ఏళ్ల వయసులో ఆయన కూడా మనందరిలాగే ఉద్యోగం వెతుక్కున్నాడు. తనకు ఏమేం వచ్చో పాయింట్ల వారీగా రాసి ఒక అప్లికేషన్ తయారు చేసుకున్నాడు. ప్రపంచంలో తొలి రెజ్యూమెల్లో ఇదొకటని చాలామంది చెబుతుంటారు. విచిత్రం ఏంటంటే, అందులో పెయింటింగ్ గురించి ఉన్నది ఒక్క మాటే. అదీ దాదాపు చివర్లో! ఎందుకలా? తెలియాలంటే ఆయన కథ మొదటి నుంచి చూడాలి.

చదువు లేదు.. చేతిలో పని ఉంది

లియోనార్డో 1452 ఏప్రిల్ 15న ఇటలీలోని విన్సీ ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి సెర్ పియరో నోటరీ. తల్లి కాతెరీనాతో ఆయనకు పెళ్లి కాలేదు. అలా పుట్టిన పిల్లలకు ఆ రోజుల్లో తండ్రి వృత్తిలోకి వెళ్లే దారి ఉండేది కాదు. లాటిన్ చదువు కూడా సరిగ్గా అందలేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే డిగ్రీ కాలమ్ ఖాళీ!

దాంతో తండ్రి ఆయన్ని ఫ్లోరెన్స్‌లో వెరోకియో అనే పేరున్న శిల్పి దగ్గర పనికి పెట్టాడు. అక్కడ బొమ్మలు గీయడం ఒక్కటే కాదు.. లోహం పోత పోయడం, బరువులు ఎత్తే యంత్రాలు, శిల్పాలు అన్నీ కళ్ల ముందే జరిగేవి. 1472లో, 20 ఏళ్లకే చిత్రకారుల సంఘంలో పేరు నమోదైంది. గురువు గీసిన క్రీస్తు బాప్టిజం చిత్రంలో ఒక దేవదూతను లియోనార్డోనే వేశాడు. మొదలైతే బాగానే అయింది.

30 ఏళ్లు వచ్చాయి.. పూర్తి చేసిన పనులేవి?

సమస్య ఆ తర్వాతే వచ్చింది. 1478లో ఫ్లోరెన్స్ పాలకుల భవనంలోని ప్రార్థనా మందిరానికి చిత్రం వేసే పని వచ్చింది, అది ఇవ్వలేదు. 1481లో ఊరి బయట ఉన్న ఒక మఠం వాళ్లు ముగ్గురు జ్ఞానులు బాల యేసును దర్శించుకునే చిత్రం వేయమన్నారు, అది సగంలోనే ఆగిపోయింది. ఏళ్లు గడిచాక మఠం వాళ్లు ఫిలిప్పీనో లిప్పీతో వేరే చిత్రం వేయించుకున్నారు. సెయింట్ జెరోమ్ చిత్రం కూడా అసంపూర్తిగానే మిగిలింది.

అదే 1481లో రోమ్‌లోని సిస్టీన్ చాపెల్ గోడల మీద బొమ్మలు వేయడానికి ఫ్లోరెన్స్ నుంచి బాటిచెల్లి, గిర్లాండాయో లాంటి వాళ్లకు పిలుపొచ్చింది. లియోనార్డోకి రాలేదు. తోటివాళ్లంతా పెద్ద ప్రాజెక్టుకి వెళ్లిపోతుంటే ఆయన ఉన్న ఊళ్లోనే ఉండిపోయాడు. ఈ బాధ ఎలా ఉంటుందో ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చూపు మిలాన్ మీద పడింది

అప్పుడు మిలాన్‌ను నడిపిస్తున్నది లుడోవికో స్ఫోర్జా. అధికారికంగా డ్యూక్ ఆయన మేనల్లుడు కాదు, అన్న కొడుకు జియాన్ గలియాజో. పెత్తనం మాత్రం లుడోవికోదే. ఆయన తండ్రి ఫ్రాన్సెస్కో స్ఫోర్జా కిరాయి సైన్యానికి నాయకుడిగా ఉండి, 1450లో మిలాన్ డ్యూక్ అయ్యాడు. అంటే ఆ కుటుంబానికి గద్దె దక్కి ముప్పై ఏళ్లే. పైగా అప్పుడు వెనిస్‌తో యుద్ధం నడుస్తోంది. లుడోవికోకి కావాల్సినవి రెండు.. యుద్ధంలో గెలుపు, కుటుంబానికి పరువు.

లియోనార్డో సరిగ్గా ఆ రెండింటినీ పట్టుకున్నాడు.

అప్లికేషన్‌లో ఏముంది?

సుమారు 1482 నాటి ఆ లేఖలో నంబర్లు వేసి పది పాయింట్లు ఉన్నాయి. తేలిగ్గా మోసుకెళ్లే గట్టి వంతెనలు, కోట చుట్టూ ఉన్న కందకంలో నీళ్లు తోడేయడం, చిన్న రాళ్లను వడగళ్లలా కురిపించే ఫిరంగులు, చప్పుడు కాకుండా తవ్వే సొరంగాలు, సైనికులకు అడ్డుగా ఉండే కప్పు వేసిన బండ్లు, ఓడల మీద యుద్ధం.. తొమ్మిది పాయింట్ల దాకా అంతా యుద్ధమే. పదో పాయింట్‌లో శాంతి కాలం గురించి.. భవనాలు కట్టడం, నీళ్లను ఒక చోటు నుంచి మరో చోటుకి మళ్లించడం. ఆ తర్వాత శిల్పాలు, వాటి వెనకే పెయింటింగ్.

చివర్లో అసలు బాణం వేశాడు. లుడోవికో తండ్రి జ్ఞాపకార్థం కంచు గుర్రం విగ్రహం చేసి పెడతానన్నాడు. ఆ విగ్రహం ఆలోచన స్ఫోర్జా కుటుంబంలో దాదాపు పదేళ్లుగా ఉంది, చేసేవాళ్లే దొరకలేదు. నమ్మకం కుదరకపోతే ఎక్కడ చెప్తే అక్కడ చేసి చూపిస్తానని కూడా రాశాడు. అంటే డెమోకి సిద్ధం అన్నమాట!

ఇందులో లేనిది కూడా గమనించాలి. గతంలో ఎవరి దగ్గర చేశాడు, ఏ బొమ్మలు వేశాడు అన్న ఊసే లేదు. సగంలో ఆగిన పనుల చిట్టా విప్పితే ఎవరు తీసుకుంటారు? తనకు బాగా వచ్చినదాన్ని వెనక్కి పెట్టి, అవతలివాళ్లకు కావాల్సినదాన్ని ముందుకు తెచ్చాడు.

మరి ఇదంతా కోతలేనా? పూర్తిగా కాదు. నీళ్లు తోడే యంత్రాలు, ఆయుధాల బొమ్మలు ఆయన ఫ్లోరెన్స్‌లో ఉండగానే గీశాడు. కానీ అవి కాగితం మీదివే. ఏ యుద్ధంలోనూ వాడి చూపించినవి కావు.

రెజ్యూమె పని చేసిందా?

వెంటనే కాదు. మిలాన్ వెళ్లాక 1483 ఏప్రిల్‌లో ఆయనకు దొరికిన పెద్ద పని మళ్లీ పెయింటింగే. ఒక క్రైస్తవ సంఘం కోసం వేసిన ఆ చిత్రమే వర్జిన్ ఆఫ్ ది రాక్స్. వెనక్కి నెట్టిన స్కిల్లే అన్నం పెట్టింది!

గుర్రం పని కొన్నేళ్ల తర్వాత చేతికొచ్చింది. 1493లో ఏడు మీటర్లకు పైగా ఎత్తున్న మట్టి నమూనా చూసి మిలాన్ ఆశ్చర్యపోయింది. మరుసటి ఏడాదే సీన్ మారింది. విగ్రహం కోసం దాచిన కంచు ఫిరంగుల తయారీకి వెళ్లిపోయింది. 1499లో ఫ్రెంచి సైన్యం మిలాన్‌లోకి వచ్చాక, వాళ్ల విలుకాళ్లు ఆ మట్టి గుర్రాన్ని గురి చూసి కొట్టే బొమ్మగా వాడుకున్నారు. మధ్యలో జీతం సరిగ్గా అందక లుడోవికోకి రాసుకున్న చిత్తు ఉత్తరాలు కూడా ఉన్నాయి. అయినా లాస్ట్ సప్పర్ పుట్టింది ఆ కొలువులోనే.

50 ఏళ్లకు అప్‌డేట్

లుడోవికో పారిపోయాడు, లియోనార్డోకి మళ్లీ పని వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పటికి వయసు దాదాపు 50. 1502లో సైన్యాధిపతి సెజారె బోర్జియా ఆయన్ని ఆర్కిటెక్ట్‌గా, ఇంజినీర్‌గా పెట్టుకున్నాడు. అంటే ఇరవై ఏళ్ల కిందట కాగితం మీద రాసుకున్న ఉద్యోగం అప్పుడు దొరికింది. ఆ సమయంలో గీసిన ఇమోలా పట్టణం మ్యాప్‌ను ఇప్పటికీ నిపుణులు మెచ్చుకుంటారు.

దాదాపు అదే కాలంలో టర్కీ సుల్తాన్ రెండో బాయజీద్‌కి మరో లేఖ వెళ్లింది. ఈసారి ఫిరంగుల ఊసు లేదు. గాలి మర, ఓడలోంచి నీళ్లు తోడే యంత్రం, ఇస్తాంబుల్‌లో గోల్డెన్ హార్న్ మీద వంతెన.. అక్కడి అవసరాలకు తగ్గట్టు లిస్టే మార్చేశాడు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ లేఖ టర్కిష్ అనువాదం 1952లో టోప్‌కాపి ప్యాలెస్ దస్తావేజుల్లో బయటపడింది. ఆయన గీసిన ఆ వంతెన ఆధారంగా 2001లో నార్వేలో చిన్న వంతెన కట్టారు.

చివరి కొలువు

1516లో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ పిలుపుతో లియోనార్డో అంబోయిస్ వెళ్లాడు. మోనాలిసాను వెంట తీసుకెళ్లాడు. రాజు ఇచ్చిన హోదాలో ముందు చిత్రకారుడు, తర్వాతే ఇంజినీర్, ఆర్కిటెక్ట్. మిలాన్ లేఖలో వెనక ఉన్న మాట ఇక్కడ ముందుకొచ్చింది. ఈసారి అప్లికేషన్ పెట్టుకునే పని లేకుండానే.. అప్పటికే ఆయన పేరే రెజ్యూమె. 1519 మే 2న, 67 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశాడు.

మిలాన్ లేఖ చిత్తు ప్రతి ఇప్పటికీ ఆ నగరంలోని అంబ్రోసియానా లైబ్రరీలో, కోడెక్స్ అట్లాంటికస్ అనే సంపుటంలో భద్రంగా ఉంది. ఎడమ చేత్తో కుడి నుంచి ఎడమకు రాసుకునే లియోనార్డో, ఈ ఒక్కదాన్ని మాత్రం అందరూ చదవగలిగేలా వేరేవాళ్ల చేత శుభ్రంగా రాయించాడు. చదివేవాళ్లు ఎవరో, వాళ్లకు ఏం కావాలో అంత పట్టించుకున్నాడు కాబట్టే ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా రెజ్యూమె మాట వస్తే ఆయన పేరు వస్తోంది.