యల్లాప్రగడ సుబ్బారావు

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు విద్యార్థి దశలోనే స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి సోదరులిద్దరిని కోల్పోయారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

1923లో బోస్టన్ చేరి, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగుతూ హార్వర్డులో చదువుకున్నారు. 1925లో ఫిస్కేతో కలసి ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలతయే దారి చూపగా 1929లో కండరం నుండి ఏ.టి.పి.ని వేరుచేశారు, ఆ ఏడే జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నాడు.

ఏ.టి.పి. జీవకణానికి ఇంధనమని విద్యార్థులు ఎరుగుదురు. దానికి వేరొక పని కూడ ఉన్నది. కైనేజులనే ఎంజైములు దాని ఫాస్ఫేటును తీసి, కణంలో వార్తలు మోసే ప్రోటీనులకు తగిలిస్తాయి. పెరుగుమనే ఆజ్ఞ ఆ విధంగా చేతులు మారుతుంది. కాలేయ కాన్సరులో ఆ ఆజ్ఞ ఆగదు. ఆ వ్యాధికి 2007లో అమెరికాలో అనుమతి పొందిన సొరాఫెనిబ్ ఆ కైనేజులకే అడ్డుపడుతుంది. సుబ్బారావుగారు ఇదంతా ముందే ఊహించారనడం అతిశయోక్తి. ఆనాడు ఆయన దృష్టి కండరం మీదనే.

హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థకు తరలిపోయారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు అది మందు. సోదరుల నాటికి లేదు! దానినే కొంత మార్చగా వచ్చిన ఎమినోప్టెరిన్‌ను ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పిల్లలకిచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించినదని 1948 జూన్‌లో ప్రకటన వెలువడింది. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు 53 సంవత్సరాలు.