మరియా మాంటిసోరి

మాంటిసోరి పేరుగల శిశుపాఠశాలలు నేడు పెక్కు పట్టణములందు కనబడుచున్నవి. అది ఒక స్త్రీ పేరని ఎరుగనివారును కలరు. ఆమె చరిత్రమును మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును కొంత తెలుపదలచితిమి.

ఆమె 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీదేశమందలి కియరవల్లె అను చిన్న పట్టణమున జన్మించెను. ఆడుపిల్లలు వైద్యము చదువుట అరుదైన ఆ కాలమున రోము విశ్వవిద్యాలయమున చదివి 1896లో పట్టము పొందెను. పిదప మానసిక వికాసము కొరవడిన బిడ్డలకు చదువు నేర్పుటలో కొన్ని యేండ్లు గడపెను. వారే ఇంత నేర్వగా, ఆరోగ్యవంతులైన బిడ్డలు బడులలో ఏల వెనుకబడుచున్నారను ప్రశ్న ఆమెను విడువలేదు.

1907 జనవరి 6వ తేదీన రోమునగరమున శాన్ లొరెంజో అను పేదలవాడలో ఆమె ఆధ్వర్యమున శిశుగృహము వెలసెను. తల్లిదండ్రులు పనికి పోయినపుడు బిడ్డలు గోడలు పాడుచేయుచుండిరి. వారిని ఒకచోట చేర్చి యుంచినచో చాలునని ఇండ్ల యజమానుల కోరిక. అంతకు మించి వారు ఆశింపలేదు.

అచట ఒకనాడు మూడేండ్ల బాలిక కొయ్యదిమ్మలోని గుంతలలో గుండ్రని కొయ్యముక్కలను అమర్చుచుండెను. తక్కిన పిల్లలచేత పాటలు పాడించినను, కుర్చీతోకూడ ఎత్తి బల్లపై నుంచినను ఆ పిల్ల తన పని మానలేదు. నలుబది పర్యాయములకు మించి చేసి, తనంతట తానే ముగించి, నిదుర లేచినట్లు చుట్టును చూచి నవ్వెను. మాంటిసోరి ప్రక్కన నుండి లెక్కించుచుండెను.

ఆ దిమ్మలో ఒక విశేషము కలదు. ఒక ముక్క తగని గుంతలో పడినచో కడపట మరియొకటి చోటులేక మిగులును. అప్పుడు బిడ్డయే ఆలోచించి సవరించుకొనును. తప్పిదమును ఉపాధ్యాయిని చూపనక్కరలేదు. ఆమె పని వేరు. తక్కువ మాటలతో, మెల్లగా, ఒకసారి చేసి చూపవలెను. పిమ్మట తొలగి కనిపెట్టి యుండవలెను. తోటివారిని బాధించు బిడ్డను మాత్రము వెంటనే ఆపవలెను. మనసు నిలుపుట, తొందరను ఆపుకొనుట మొదలగు ఈ శక్తులను నేటి మనశ్శాస్త్రజ్ఞులు ప్రత్యేకముగా పరిశీలించుచున్నారు.

మరియొకనాడు ఆమె నాలుగు నెలల పసికందును లోనికి తెచ్చి, ఈ పాపవలె కదలక యుండగలరా యని పిల్లల నడిగెను. వారు ఊపిరిని సైతము అణచుకొనిరి. తరువాత ఆమె ప్రక్కగదినుండి ఒక్కొక్కరిని గుసగుసగా పేరుపెట్టి పిలువగా, మునివ్రేళ్లపై నడచి వచ్చిరి. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందునపుడు మేము ఈ పాఠమును పరీక్షకొరకు కంఠస్థము చేసితిమి. తరగతికి వచ్చిన పిదప బెత్తముతో బల్లపై కొట్టి నిశ్శబ్దము తెప్పించితిమి. అది బెత్తము కనబడునంతవరకే నిలిచినది.

ఒక్క విషయమున మేము ఆమెతో ఏకీభవింపజాలము. పసిబిడ్డలకు అద్భుతకథలు తగవని ఆమె తలచెను. పేదరాసి పెద్దమ్మ కథలు వినుచు పెరిగిన మాకు అది రుచింపదు.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై ఆమె కుమారుడు మారియోతో నాటి మదరాసునందలి అడయారునకు వచ్చెను. ఆమె ఇటలీ భాషయందే ఉపన్యసించుచుండగా, కుమారుడు ఇంగ్లీషున చెప్పుచుండెను. తన భాషను విడువకయే ఆమె మన దేశపు ఉపాధ్యాయులకు గురువయ్యెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున ప్రవేశింపగా బ్రిటిషు ప్రభుత్వము మారియోను నిర్బంధించెను. తల్లి డెబ్బదవ జన్మదినమున విడిచిపెట్టెను. ఆమె మాత్రము ఈ దేశమును విడిచి పోజాలకుండెను. 1942 మొదలు 1944 వరకు కోడైకెనాలున నుండి, అచటి బిడ్డలతో చెట్టుచేమలను పరిశీలించుచు కాలము గడపెను.

1946లో ఐరోపాకు మరలిపోయెను. పిదప మరల వచ్చి ఇచట శిక్షణ గరపెను. 1952 మే 6వ తేదీన నెదర్లాండ్సునందలి నూర్ద్‌వైక్ అను సముద్రతీర గ్రామమున మరణించెను. సమాధియు అచటనే కలదు.