మార్టిన్ లూథర్ కింగ్ గారి చెరసాల లేఖ

అమెరికా దేశమందలి అట్లాంటా పట్టణమున 1929వ సంవత్సరము జనవరి 15వ తేదీన ఒక బాప్టిస్టు సంఘకాపరి యింట మార్టిన్ లూథర్ కింగ్ గారు జన్మించిరి. బోస్టన్ విశ్వవిద్యాలయమున 1955లో డాక్టరు పట్టము నొందునాటికే వారు మాంట్‌గొమరీ పట్టణమున సంఘకాపరిగా నుండిరి. ఆ యేడు డిసెంబరులో, బస్సునందు తెల్లవారికి చోటు విడువనందున రోజా పార్క్స్ అను స్త్రీని బంధింపగా, నల్లజాతివారు 381 దినములు బస్సు లెక్కుట మానిరి. వారిని నడిపినవారు 26 ఏండ్ల యీ యువబోధకులే. గాంధీగారి మార్గమును తెలిసికొనగోరి 1959లో మన దేశమునకును వచ్చిరి. ఈ సంగతులు పలువు రెరుగుదురు గనుక విస్తరింపము. వారు వ్రాసిన ఒక్క ఉత్తరమునుగూర్చి చెప్పదలచితిమి.

1963 ఏప్రిల్ 12, శుభ శుక్రవారమునాడు బర్మింగ్‌హాం పట్టణమున న్యాయస్థానపు నిషేధాజ్ఞను మీరి ఊరేగింపు నడిపినందున కింగ్ గారిని చెరలో నుంచిరి. అదే తేదీతో అలబామా రాష్ట్రపు తెల్లజాతి మతాచార్యులు ఎనమండుగురు ఒక ప్రకటన చేసిరి. వారిలో బిషప్పులును, ఒక యూదుల రబ్బీయు నుండిరి. వారు క్రూరులు కారు. న్యాయస్థానముల తీర్పులను ధిక్కరింపవలదని ఆ యేడు జనవరిలో తమవారినే హెచ్చరించినవారు. అయినను ఈ నిరసనలు అకాలమనియు, వీనిని కొంతవరకు పైయూరివారు నడుపుచున్నారనియు వ్రాసిరి.

ఆ పత్రిక చెరలో కింగ్ గారి చేతికి వచ్చెను. వ్రాయుటకు కాగితము లేదు. పత్రిక అంచులమీదనే జవాబు నారంభించి, దొరకిన ముక్కలమీదను, పిమ్మట న్యాయవాదు లిచ్చిన కాగితములమీదను సాగించిరి.

ఏప్రిల్ 16వ తేదీ వేసిన ఆ లేఖలో మొదట కోపము కానరాదు. వారిని తోటి బోధకులని సంబోధించి, వారి సదుద్దేశమును ఒప్పుకొనిరి. పైయూరివాడన్న నిందకు, స్థానిక సంఘమువారు పిలువగా వచ్చితినని చెప్పి, మాసిదోనియ పిలుపు విని వెళ్లిన పౌలును జ్ఞాపకము చేసిరి. పౌలును పరాయివాడనుటకు ఏ బోధకునికి నోరు వచ్చును? చట్టమును మీరితివన్న మాటకు అగస్టీను, అక్వినాసుల బోధను చూపి, నెబుకద్నెజరు ఆజ్ఞను త్రోసివేసిన షద్రకు, మేషాకు, అబేద్నెగోలను సాక్షులుగా నిలిపిరి. అయితే అన్యాయపు చట్టమును మీరువాడు బహిరంగముగా, ప్రేమతో మీరి, శిక్షకు లోబడవలెననిరి. దొంగకును, తమకును గల భేదము ఆ షరతుతో తేటపడుచున్నది.

ఓపికపట్టుడను మాటకు జవాబు చెప్పుచోట మూడువందల మాటలకు మించిన ఒకే వాక్యము కలదు. మా విద్యార్థు లట్టిది వ్రాసినచో ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో గీటు పెట్టునేమో! మూకలు చేసిన హత్యలు, భార్యకును తల్లికిని మర్యాదపిలుపు లేకుండుట, బసలలో చోటు దొరకక బండిలోనే రాత్రులు గడపుట, టెలివిజనులో ప్రకటించిన వినోదోద్యానమునకు పోలేవని ఆరేండ్ల కుమార్తెతో చెప్పవలసివచ్చిన తండ్రి నోట మాట తడబడుట, ఇట్లు ఒకదానిమీద నొకటి వచ్చును. వాక్య మెప్పుడు ముగియునాయని చదువరి వేచియుండును. వేచియుండుట యెట్టిదో అతనికి అప్పుడు తెలియును.

గట్టి దెబ్బను తరువాతి భాగములకు దాచిరి. ముసుగు వేసికొని హింసించువానికంటె, న్యాయముకన్న నెమ్మదిని ఎక్కువగా కోరు మంచివాడే తమకు పెద్ద అడ్డమని తేల్చిరి. అట్టివారితో నిండిన సంఘములను చూచి నిరాశ చెందితిమనిరి. ప్రేమ లేనిచోట నిరాశ కలుగదనియు చేర్చిరి. మిషను పనిలోనున్న మాకు ఈ భాగము చదువునప్పుడు చెవులు మండినవి. మేమెన్నిమారులు నెమ్మదినే కోరితిమో!

లేఖవలన ఆ పట్టణము వెంటనే మారలేదు. మే నెలారంభమున బడిపిల్లలే వీథులకు వచ్చి, కుక్కలను, నీటిగొట్టములను ఎదుర్కొనిన పిమ్మట 10వ తేదీన ఒడంబడిక కుదిరెను. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చెను. కింగ్ గారికి నోబెల్ శాంతి బహుమానము నా యేడే లభించెను. 1968 ఏప్రిల్ 4వ తేదీన మెంఫిస్ పట్టణమున తుపాకిగుండు తగిలి 39వ యేట మరణించిరి. ఆ వినోదోద్యానపు తలుపులు మాత్రము వారి జీవితకాలముననే నల్లబిడ్డలకు తెరవబడెను. అప్పుడు కుమార్తెను వారే తీసికొనిపోయిరి.