జెర్డన్ – కలివికోడి

శీతకాలము రాగానే ఇందుకూరుపేట మొదలగు నెల్లూరు తీరగ్రామముల చెఱువులపై దూరదేశపు బాతులు వ్రాలును. ఎండలు ముదిరిన పిదప మరలిపోవును. ఇట్టి పక్షుల జీవితమును శ్రద్ధతో గమనించి గ్రంథస్థము చేసిన మహనీయులలో థామస్ జెర్డన్ ఒకడు.

ఆయన 1811లో ఇంగ్లండులో జన్మించెను. 1836లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్నము చేరెను. కొంతకాలమునకు నెల్లూరులో సివిల్ సర్జనుగా నియమింపబడెను. వైద్యము ఆయన వృత్తి. పక్షులను పరిశీలించుట ఆయనకు మిక్కిలి ప్రీతి. అడవి నెఱిగిన యానాదుల వలన ఆయన పక్షుల పేరులును, అలవాటులును తెలిసికొనెను. 1862–64 సంవత్సరములలో వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథమున తెలుగుపేరులను గూడ పొందుపఱచెను.

1848 ప్రాంతమున ఆయన మూలముననే కలివికోడి శాస్త్రలోకమునకు తెలియవచ్చెను. రొమ్మున రెండు పట్టెలుగల ఆ పక్షి రాత్రివేళ పొదల నడుమ సంచరించును. జెర్డన్ 1872లో కీర్తిశేషుడయ్యెను. 1900 తరువాత కలివికోడి కానరాకపోగా, అది నశించెనని పలువురు తలచిరి. 1986లో కడప జిల్లాలో, స్థానికుల సాయముతోనే, అది మరల కనబడెను. నేటికిని దాని మనుగడ ప్రమాదములోనే యున్నది.

బాలలారా! మీ పెరటికి వచ్చు పిట్టలకు గుప్పెడు గింజలు వేయుడు. వేసవిలో మూకుడుతో నీరుంచుడు. వాటి పేరులను పెద్దలనడిగి తెలిసికొని వ్రాసికొనుడు.