శాతకర్ణి ముద్ర

1906వ సంవత్సరంలో నాసిక్ సమీపాన ఉన్న జోగల్‌తంబి గ్రామంలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు ఒకేచోట బయల్పడ్డాయి. అవి క్షహరాత వంశానికి చెందిన నహపాణుడు ముద్రింపించినవి. ప్రతి నాణెం మీదా అతని ముఖం ఉంది. కాని వాటిలో తొమ్మిది వేలకు మించిన నాణేల మీద మరొక రాజు తన పేరును, మూడు శిఖరాల కొండ గుర్తును తిరిగి అచ్చొత్తించాడు. అతడే గౌతమీపుత్ర శాతకర్ణి.

తల్లి గౌతమీ బాలశ్రీ పేరును తన పేరులో ధరించిన ఈ శాతవాహన ప్రభువు రాజ్యానికి వచ్చేనాటికి నాసిక్ ప్రాంతం నహపాణుని వశంలో ఉంది. తన పద్దెనిమిదవ పాలనా సంవత్సరం నాటికి శాతకర్ణి ఆ ప్రాంతాన్ని తిరిగి గెలుచుకున్నాడు. ఓడిన రాజు నాణేలను కరిగించలేదు. వాటి మీదే తన ముద్ర వేయించాడు. ముద్ర పక్కకు తొలగిన నాణేలలో నహపాణుని ముఖం నేటికీ కొంత కనిపిస్తుంది.

ఇది కేవలం విజయగర్వం కాదనిపిస్తుంది. నహపాణుని అల్లుడు ఉషవదాతుడు గోవర్ధనంలోని నేతగాండ్ర శ్రేణులలో మూడు వేల కార్షాపణాలను శాశ్వత నిధిగా ఉంచాడు. అందులో రెండు వేలకు నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీ. ఆ వడ్డీతో ఇరవైమంది భిక్షువులకు ఏటా తలా పన్నెండు కార్షాపణాలు వస్త్రాల కోసం అందేవి. పాత వెండి చెల్లదంటే అటువంటి లెక్కలన్నీ ఏమయ్యేవి? రాజు మారినా మగ్గం ఆగరాదు. సీసం, మిశ్రలోహం నాణేలను విరివిగా వాడిన శాతవాహనులకు ఆ వెండి విలువ తెలియనిది కాదు.

నాణెం మీద పేరు మార్చినంత సులభంగా నేల మాట వినలేదు. ఉషవదాతుడు అనుభవించిన పొలంలో రెండు వందల నివర్తనాలను శాతకర్ణి తన విజయ స్కంధావారం నుండే త్రిరశ్మి పర్వతంపై ఉన్న భిక్షువులకు దానం చేశాడు. ఆరేళ్లు గడిచాయి. ఆ ఊరిలో జనం లేరు, పొలం దున్నేవారు లేరు. ఇరవై నాలుగవ పాలనా సంవత్సరంలో తల్లితో కలిసి మరొక ఆజ్ఞ జారీ చేసి, నగరం పొలిమేరలోని రాజక్షేత్రం నుండి నూరు నివర్తనాలు ఇవ్వవలసి వచ్చింది.

కుమారుని మరణానంతరం, మనుమడు పులుమావి పందొమ్మిదవ పాలనా సంవత్సరంలో, బాలశ్రీ నాసిక్ గుహలో ఒక శాసనం చెక్కించింది. క్షహరాతులను నిర్మూలించినవానిగా, న్యాయంగా పన్నులు గ్రహించినవానిగా, మూడు సముద్రాల నీరు త్రాగిన గుర్రాలు గలవానిగా అందులో శాతకర్ణిని కీర్తించింది. దున్నేవారు లేని ఆ పొలం ప్రస్తావన మాత్రం అందులో లేదు.